కాగితం సంచిలో సీసా

మా ఆయన పోయి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. మార్చి మొదటి వారంలో, ఇంటి ముందు మంచు కరిగి గడ్డి కొసలు కనబడుతున్న పొద్దున, తాగుతున్న కాఫీ గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. కాఫీ ఒక్క చుక్క కూడా ఒలకలేదు. ఇది మన సంఘంలో అందరికీ తెలిసిన కబురే. తెలియని సంగతి ఇంకొకటి ఉంది. అది చెప్పడానికే ఈ కాగితం రాయిస్తున్నాను.

నా పేరు రాహేలమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో మా అమ్మానాన్నలు రాసిపెట్టలేదు. మిచిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్లో మా అమ్మాయి సుగుణ ఇంట్లో ఉంటాను. నేను, సుగుణ, అల్లుడు, మనవరాలు, నలుగురం. మొన్నటిదాకా ఐదుగురం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే సుగుణ రాస్తోంది. రాసిన ప్రతి ముక్కా మళ్లీ చదివి వినిపించుకుంటున్నాను, ఎందుకంటే నా మాటల్ని మెత్తబరిచి రాసే అలవాటు దానికి ఉంది.

ఆయన పేరు నేను పలకను. యాభై రెండేళ్లు పలకలేదు, ఇప్పుడు మొదలుపెట్టను. మీరంతా మాస్టారు అనేవారు. బాపట్ల దగ్గర మిషన్ బడిలో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేశారు. రిటైరయ్యాక, నర్సు ఉద్యోగానికి ఇక్కడికి వచ్చిన మా అమ్మాయి మమ్మల్ని పిలిపించుకుంది. పందొమ్మిది వందల డెబ్బైలు అయిపోవస్తున్న రోజులవి.

ఇక నా వ్యాజ్యం. సంఘం తరఫున వేసే ఈస్టర్ పుస్తకంలో ఆయన మీద ఒక పేజీ పెడతామన్నారు. సంతోషం. పాస్టర్ గారు రాసి పంపిన కాగితం సుగుణ నాకు చదివి వినిపించింది. అన్నీ మంచి మాటలే. చివరికొచ్చేసరికి దాని గొంతు తగ్గింది, చదవడం పరుగెత్తింది. "మాస్టారు తమ బలహీనతను జయించి, కడవరకు విశ్వాసంలో నిలిచారు" అని గబగబా అనేసి కాగితం మడతపెట్టబోయింది.

"ఆగు. ఏ బలహీనత?" అన్నాను.

"పోనీలే అమ్మా. మంచిగానే రాశారుగా."

"మంచిగా రాస్తే రాశారు. ఏ బలహీనతే? యాభై రెండేళ్లు పక్కన ఉన్నాను. నాకు తెలియకుండా ఆయన ఏం జయించారు?"

అది తల దించుకుంది. దానికి తెలుసు. నాకూ తెలుసు. ఇది చదివే మీలో చాలామందికి తెలుసు. మాస్టారు తాగేవారని మీరు అనుకున్నారు. ఆ ఒక్క వాక్యం కొట్టెయ్యాలి. ఎందుకు కొట్టెయ్యాలో, కళ్లారా చూసిన మనిషిని గనుక నేను చెబుతాను.

మేము వచ్చిన కొత్తలో ఆయనకి ట్రాయ్‌లో తోచేది కాదు. మా వీధిలో మనిషి కనబడడు. గ్యారేజీ తలుపు లేస్తుంది, కారు బయటికొస్తుంది, తలుపు దిగుతుంది. అంతే. "ఇక్కడ గియ్యడానికి ఏముందే? తలుపులు," అనేవారు. సుగుణకి డెట్రాయిట్‌లో హాస్పిటల్ డ్యూటీ. శనివారాలు పొద్దున ఏడు నుంచి మూడున్నర దాకా. ఒక శనివారం దాని కారులో ఆయన కూడా ఎక్కారు, రంగుల పెట్టె ఒళ్లో పెట్టుకుని. రెండో శనివారం నేనూ ఎక్కాను. మనిషిని ఒక్కణ్ణీ ఆ చలిలో ఎలా వదులుతాను?

డెట్రాయిట్ ఆయనకి నచ్చింది. అక్కడ గోడలు వయసైపోయిన మనుషుల్లా ఉంటాయనేవారు. సగం కొట్లు మూసేసి, అద్దాలకి చెక్కలు కొట్టేసి ఉండేవి. రోడ్డు మధ్యలో ఇనప మూతల్లోంచి ఆవిరి పొగలు పొగలుగా లేచేది. ఆ ఆవిరిలోంచి బస్సు వస్తుంటే ఆయన కుంచె పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయేది. హాస్పిటల్‌కి రెండు వీధుల అవతల ఒక డోనట్ కొట్టు. దాని ఎదురు పేవ్‌మెంట్ మీద మడత స్టూలు వేసుకుని కూర్చునేవారు. కాళ్ల కింద అట్టముక్క, లేకపోతే నేల చలి బూటు దాటుకుని ఎక్కుతుంది. చేతికి ఉన్ని గ్లవ్స్, వేళ్ల కొసలు నేను కత్తిరించి ఇచ్చినవి. నేను గాలి వచ్చే వైపు నిలబడేదాన్ని. చీర మీద అల్లుడి పాత కోటు, చీర కింద అల్లుడి పాత బూట్లు. నన్ను చూసి నవ్వినవాళ్లు నవ్వారు. నేను కదల్లేదు.

నేనూ ఒక సంగతిలో ఆయనతో గొడవపడ్డాను. మంచు పడ్డ వీధిని గీస్తూ, మంచు ఉన్న చోటల్లా కాగితాన్ని ఖాళీగా వదిలేసేవారు. "అంత ఖరీదు పెట్టి కొన్న కాగితం సగం వదిలేస్తారేంటండీ? తెల్ల రంగు కొనుక్కోలేరా?" అన్నాను. "తెలుపు వెయ్యక్కర్లేదే. దాని చుట్టూ ఉన్నది సరిగ్గా వేసి, దాన్ని వదిలేస్తే చాలు," అన్నారు. నీడలకి మాత్రం ఒక నీలం ఉండేది. రంగుల పెట్టెలో ఆ బిళ్ల ఒక్కటే మధ్యలో గుంటపడి అరిగిపోయేది.

మొదటి చలికాలం రంగులు ఆయన మాట వినలేదు. కుంచె ముంచి కాగితం దాకా తెచ్చేలోపే నీళ్లు గడ్డకట్టేవి. కుంచె పుల్లలా బిగుసుకుపోయేది. ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లాం, గిన్నెలో పోసిన కాసేపటికి అంతే. నేను ఉప్పు వెయ్యమన్నాను, సముద్రం పక్కన పుట్టిన తెలివి. వేశారు. ఆకాశం నిండా మశూచి మచ్చలు లేచాయి. ఆయన ఆ బొమ్మ నా ముందు పెట్టి, "ఇది నువ్వు వేసిందే, సంతకం పెట్టు," అన్నారు. సంతకం రాని మనిషినని తెలిసే అన్నారు.

రెండో చలికాలం మా అల్లుడు దారి చెప్పాడు. కార్ల కంపెనీలో ఇంజనీరు. "మావయ్యగారూ, రేడియేటర్‌లో యాంటీఫ్రీజ్ పోస్తాం కదా, ఇదీ అంతే. నీళ్లలో ఆల్కహాల్ కలిపితే అంత తొందరగా గడ్డకట్టదు," అన్నాడు. ముందు సుగుణ మందులషాపు స్పిరిట్ తెచ్చింది. ఆ వాసనకి ఆయనకి తల తిరిగింది. అప్పుడు అల్లుడే వెళ్లి ఒక వోడ్కా సీసా కొనుక్కొచ్చాడు. రంగు లేదు, వాసన లేదు, బొమ్మకి చెరుపు లేదు. రంగుగిన్నెలో నీళ్లు పోసి దానికి రెండు మూతలు కలపడం. ఆ రెండు మూతలూ నేనే పోసేదాన్ని. ఆయన చేతులు రంగుల్లో ఉండేవి. అర్థమైందా? మీరు చెప్పుకునే ఆ సీసా మూత తీసింది నా చెయ్యి.

దాన్ని కొట్లో గోధుమరంగు కాగితం సంచిలో పెట్టి ఇచ్చారు. సంచి బాగుంది, పారెయ్యడం దేనికని దాంట్లోనే ఉంచాం. పైగా ఆయన, "లేబులు కనబడకుండా సంచిలోనే ఉండనీ, చిన్నపిల్లలు చూస్తారు," అన్నారు. మర్యాద కోసం కప్పుకున్నాం మేము. ఈ దేశంలో రోడ్డు మీద తాగేవాళ్లు సీసాని అలాగే కాగితం సంచిలో పెట్టుకుంటారని మాకెవరు చెప్పారు? ఆయన చదువుకున్న చదువులోనూ అది లేదు, చదువుకోని నాకూ తెలియదు.

అక్కడ విల్లీ అని ఒకాయన ఉండేవాడు. కార్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు చేశాక పని పోయింది. ఇనప డ్రమ్ములో చెక్కలు మండించుకుని ఇంకో ఇద్దరితో చలి కాచుకునేవాడు. మా ఆయన్ని "ప్రొఫెసర్" అనేవాడు. నేను మొదటిసారి సీసా తీసి రంగుగిన్నెలో పోస్తుంటే చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆ కేక నాకు భాష రాకపోయినా అర్థమైంది. "ప్రొఫెసర్! ఆవిడ దాన్ని నీళ్లలో పారబోస్తోంది, చూస్తూ కూర్చున్నావా?" అంటున్నాడని మా ఆయన నవ్వు ఆపుకుంటూ చెప్పారు. తర్వాత ఆ రెండు మూతల వేళకి పనిగట్టుకుని వచ్చి, టోపీ తీసి గుండెకి పెట్టుకుని, ఎవరో పోయినట్టు మొహం పెట్టి నిలబడేవాడు. ఒక్కనాడు కూడా మా ఆయన విల్లీకి పొయ్యలేదు, విల్లీ కూడా అడగలేదు. విల్లీ అడిగింది ఒకటే, బొమ్మలో తనని పెట్టమని. రెండు గీతల్లో పెట్టారు. విల్లీ దగ్గరికొచ్చి చూసి, "నా మోకాలి నొప్పి కూడా వేశావే," అన్నాడట.

ఆ సీసాతో మూడు చలికాలాలు గడిచాయి. వాటిలో మూడోదాంట్లో ఒక శనివారం, మన సంఘం ట్రెజరర్ గారూ ఆయన భార్యా కారులో ఆ వీధిన వచ్చారు. సరిగ్గా మా ముందు ఎర్రలైటు పడింది. అప్పుడే మా ఆయన స్టూలు మీంచి లేచి, వేళ్లు కొంకర్లు పోయాయని డ్రమ్ము దగ్గర విల్లీ పక్కన నిలబడ్డారు. చంకలో ఆ సంచి. నేను మనవాళ్లని గుర్తుపట్టి చెయ్యి ఊపాను. వాళ్లు ఇటు చూశారు, తర్వాత అటు చూశారు. లైటు పచ్చబడింది, కారు వెళ్లిపోయింది. "చూసుకోలేదు కాబోలు," అన్నాను. "అద్దాలకి మంచు పట్టింది," అన్నారాయన.

మర్నాడు ఆదివారం, నెలలో మొదటిది, ప్రభువు బల్ల ఉన్న రోజు. రొట్టె పళ్లెం పట్టుకుని వరసల్లో తిరిగేది ఎప్పుడూ మా ఆయనే. అలవాటు ప్రకారం లేచి నిలబడ్డారు. పాస్టర్ గారు పళ్లెం తీసి వేరే ఆయన చేతికిచ్చారు. ఒక్క మాట లేదు. మా ఆయన ఒక్క క్షణం అలాగే నిలబడ్డారు. తర్వాత వంగి, తన కుర్చీ వంకరగా ఉందన్నట్టు సర్దుకుని, మెల్లగా కూర్చున్నారు. పళ్లెం తన ముందుకు వచ్చినప్పుడు తన ముక్క తీసుకుని, పళ్లెం పక్కకి అందించారు. చెయ్యి వణకలేదు. నేను చూశాను.

ఆ సాయంత్రం గుడి కిచెన్‌లో పలావు గిన్నెల దగ్గర ట్రెజరర్ గారి భార్య మా సుగుణని పక్కకి పిలిచింది. "అంకుల్‌కి ఈ హ్యాబిట్ ఎప్పట్నుంచి సుగుణా? పాపం ఆంటీ కూడా అక్కడే నిలబడి ఉన్నారు. హాస్పిటల్‌లో ఎవరికైనా చూపించకపోయావా?" అందట. అలా మాకు తెలిసింది. సంచి సంగతి మా మనవరాలు విడమర్చి చెప్పింది. దానికప్పుడు పదేళ్లు. "అమ్మమ్మా, బ్రౌన్ బ్యాగ్‌లో బాటిల్, దట్స్ వాట్ డ్రంక్స్ డూ. ఎవ్రీబడీ నోస్." ఎవ్రీబడీ అంటే ఎవరని అడిగాను. అందరూ అంది.

నేను కోటు వేసుకున్నాను. ఇప్పుడే వెళ్లి వాళ్లింటి ముందు నిలబడి అడుగుతానన్నాను.

"కూర్చో," అన్నారాయన.

"కూర్చోను. మీరు చెప్పండి, లేదా నన్ను చెప్పనివ్వండి."

"అడిగితే చెప్తాను. అడక్కుండా చెప్పుకుంటే అది తప్పు చేసినవాడి మాటలా ఉంటుందే. నేను ఉన్నంతకాలం నువ్వు నోరెత్తకు."

"పోయాక?"

"పోయాక నీ ఇష్టం. అప్పుడు నిన్ను ఆపడం నా తరమా?"

ఐదేళ్లు నోరు కట్టుకున్నాను. నా నోటి సంగతి తెలిసినవాళ్లకి అది ఎంత కష్టమో తెలుసు.

సాక్ష్యం చెప్పేటప్పుడు నాకు సుఖంగా ఉన్నంతవరకే చెప్పి ఊరుకోకూడదు. కాబట్టి ఇదీ రాయమన్నాను, సుగుణ వద్దంటున్నా. ఆ తర్వాతి శనివారం ఆయన ఏదో పనిమీద డోనట్ కొట్లోకి వెళ్లి ఆలస్యంగా వచ్చారు. నేను కోటు బొత్తాం పెట్టే వంకన దగ్గరికెళ్లి, ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టాను. నేను. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషిని. లవంగం వాసన వచ్చింది. పంటినొప్పికని ఎప్పుడూ బుగ్గన ఉండేదే. ఆయనకి అర్థమైంది. ఆయన నవ్వారు.

"లవంగమేనా? సరిగ్గా చూశావా?"

నేను బొత్తాం పెట్టడం పూర్తిచేశాను.

"నువ్వైనా దగ్గరికొచ్చి చూశావు. వాళ్లు అదీ చెయ్యలేదు," అన్నారు.

బడిలో ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పింది ఆ మాటే. దగ్గరికెళ్లి చూడు, తర్వాత గియ్యి. ఆవు కొమ్ము గియ్యమంటే, ముందు లేచి ఆవు దగ్గరికెళ్లమనేవారు.

ఆ శనివారమే సీసా ఇంటి దగ్గర వదిలేసి వచ్చారు. నాకు కోపం వచ్చింది. "తప్పు లేనప్పుడు ఎందుకు మానెయ్యడం?" అన్నాను. "నా పక్కన నిన్ను కూడా చూశారు కదే. నన్ను అంటే అన్నారు. నీ మీద జాలిపడే హక్కు వాళ్లకి లేదు," అన్నారు. ఉత్త నీళ్లతో మొదలుపెట్టారు. ఆకాశం వేసేసరికి తడి మీదే గడ్డకట్టింది. బొమ్మ పాడైపోయిందని నేను మొహం తిప్పుకున్నాను. ఆయన దాన్ని కదపకుండా, అలాగే పళ్లెంలా రెండు చేతుల మీద డోనట్ కొట్లోకి మోసుకెళ్లి ఆరబెట్టారు. ఆరాక చూస్తే, ఆ బూడిదరంగు ఆకాశం నిండా ఆకులు. ఈనెలతో సహా, పక్షి ఈకల్లాంటి ఆకులు, మంచు తన పాటికి తాను గీసినవి. ఏ కుంచెకీ రానంత సన్నని గీతలు. ఆయన చాలాసేపు చూసి, "ఇన్నాళ్లూ దీన్ని అడ్డుకున్నానే," అన్నారు.

అప్పట్నుంచి ఐదు చలికాలాలు, ప్రతి బొమ్మలో చలిని తన పని చెయ్యనిచ్చారు. ఎంత తడి ఉంచితే ఎంత ఆకు పడుతుందో, ఏ గాలికి ఎటు వంగుతుందో నేర్చుకున్నారు. డెబ్బై ఏళ్ల మనిషి, మళ్లీ బడిపిల్లాడిలా. చెడిపోయినవి చెడిపోయాయి. నిలిచినవాటిని ఊరి లైబ్రరీ వాళ్లు అడిగి తీసుకుని గోడకి పెట్టారు. మన సంఘం వాళ్లంతా వచ్చారు. ట్రెజరర్ గారు కూడా వచ్చారు. ఆకాశం దగ్గర ఆగి, "ఈ మంచు ఆకులు భలే వచ్చాయి మాస్టారూ, ఎలా వేశారు?" అన్నారు. నేను నోరు తెరవబోయాను. మా ఆయన నా వైపు ఒక్క చూపు చూసి, "అందులో మీ చెయ్యి కూడా ఉందండీ," అన్నారు. ట్రెజరర్ గారు పొంగిపోయి, అదేదో ఆశీర్వాదం అనుకుని, మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఎలా అని ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే మా ఆయన అంతా చెప్పేవారు. అడగలేదు.

ఇప్పుడు ఆ సీసా సంగతి. గ్యారేజీలో యాంటీఫ్రీజ్ డబ్బా పక్కన ఐదేళ్లుగా ఉంది. నిన్న తీయించి బల్ల మీద పెట్టించాను. అడుగున నాలుగు వేళ్ల మందు ఇంకా ఉంది. లేబులు మీద పెన్సిలు గీతలు. ప్రతి శనివారం ఇంటికొచ్చాక, ఎంత దిగిందో అక్కడ ఆయనే ఒక గీత పెట్టేవారు, ఇంకా ఎన్ని శనివారాలకి వస్తుందో తెలియాలని. నాకు చదవడం రాదు కానీ గీతలు చూడటం వచ్చు. పైనుంచి కిందికి ఒకే ఎడంలో, నిచ్చెన మెట్లలా ఉన్నాయి. మూడు చలికాలాలకి ఒక్క సీసా, అదీ పూర్తి కాలేదు. తాగేవాడి సీసా అలా మెట్లు మెట్లుగా దిగుతుందా? మీలో తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఈస్టర్ ఆదివారం ఈ సీసా నాతోపాటు గుడికి వస్తుంది. నా చేతిలో, అందరికీ కనబడేట్టు, సంచి లేకుండా. ప్రభువు బల్లకి దూరంగా, వెనక వరసలో, నా పక్క కుర్చీలో పెడతాను. అది ఆయన కూర్చునే కుర్చీ. ఎవరికైనా అనుమానం ఉంటే దగ్గరికొచ్చి చూసుకోవచ్చు.

పాస్టర్ గారూ, మీ మీద నాకు పగ లేదు. ఆయనకీ లేదు, ఉంటే ఐదేళ్లు మీ గుడికి వచ్చి కూర్చునేవారు కాదు. ఆ వాక్యం కొట్టెయ్యండి. దాని బదులు ఇంకేదీ రాయక్కర్లేదు. ఖాళీగా వదిలేస్తే చాలు. చుట్టూ ఉన్నది సరిగ్గా ఉంటే ఆ తెలుపు దానంతట అదే కనబడుతుంది. కొత్త గుడికి ఆయన బొమ్మ ఒకటి కావాలని అడిగారు కదా. ఆఖరుగా వేసినది ఇస్తాను. డోనట్ కొట్టు, ఆవిరి, డ్రమ్ము, ఆకాశం నిండా ఆకులు. మూలన ఒక ఎర్రటి గీత ఉంటుంది. అది కోటు కిందనుంచి కనబడే నా చీర అంచు. ఆ బొమ్మ మొత్తంలో అంత ఎరుపు ఇంకెక్కడా వెయ్యలేదు. వాక్యం కొట్టెయ్యకపోతే అది విల్లీ ఇంటికి వెళుతుంది. సమాధి రోజున విల్లీ మూడు బస్సులు మారి వచ్చాడు. టోపీ తీసి గుండెకి పెట్టుకుని నిలబడ్డాడు, ఆ రెండు మూతల వేళ నిలబడినట్టే. ఈసారి మొహం పెట్టనక్కర్లేకపోయింది.

వేలిముద్ర వెయ్యాలంటే ఇంట్లో ఇంకు ప్యాడ్ లేదంది సుగుణ. ఆయన రంగుల పెట్టె తెమ్మన్నాను. నీడల నీలం బిళ్ల మీద రెండు చుక్కల నీళ్లు వేసింది, ఉత్త నీళ్లే. ఆయన కుంచె తిప్పి తిప్పి అరగదీసిన గుంట ఉంది కదా, నా బొటనవేలు అందులో సరిగ్గా కూర్చుంది. కాగితం మీద పెట్టి తీశాను. సన్నని గీతలు, ఒకదాని పక్కన ఒకటి వంగుతూ, చివరల్లో చీలుతూ. సుగుణ రాయడం ఆపి దాన్నే చూస్తోంది. ఇంకా తడిగా ఉంది. ఆరేదాకా ఎవరూ మడతపెట్టొద్దని చెప్పాను.

రాహేలమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర, నీలం రంగుతో.

రాసి, చదివి వినిపించి, ఒక్క మాటా మెత్తబరచలేదని ఒప్పుకున్నది: కూతురు సుగుణ.

సాక్షులు: సీసా కొన్నవాడు, అల్లుడు ప్రభాకర్. ఆ సీసా ఎటు పోయిందో చూసినవాడు, విల్లీ. సుగుణ శనివారం డ్యూటీకి వెళ్తూ కాగితం పట్టుకెళ్తే ఇంగ్లీషులో సంతకం చేశాడు, పక్కన చిన్న టోపీ బొమ్మ గీశాడు.